మౌలాలి దగ్గర రైలు ఎందుకు నిలబడుతుంది: సికింద్రాబాద్ స్టేషన్ ఎదిగిన తీరు, ఇరుకైన తీరు

కాజీపేట వైపు నుంచి వచ్చే రైలు ఘట్‌కేసర్ దాకా మంచి వేగంతో వస్తుంది. చర్లపల్లి దాటేసరికి జనం సీట్ల కింద నుంచి సామాన్లు లాగి తలుపుల దగ్గర చేరతారు. సరిగ్గా అప్పుడే మౌలాలి దగ్గరో, లాలాగూడ దగ్గరో బండి ఆగుతుంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. "ప్లాట్‌ఫారం ఖాళీ లేదట" అని ఎవరో ఒకరు అంటారు. అది సగం నిజమే. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫారం ఖాళీగా ఉన్నా, అక్కడికి చేరే దారి ఖాళీగా ఉండకపోవచ్చు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిది స్టేషన్ పరిమాణానికి సంబంధించింది, రెండోది స్టేషన్ ఆకారానికి సంబంధించింది. ఆ ఆకారం 1874 నుంచి విడతలు విడతలుగా ఏర్పడింది కాబట్టి కథ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బొంబాయి, మద్రాసులను కలిపే ప్రధాన మార్గం నిజాం రాజ్యపు పడమటి కొసన, వాడి మీదుగా పోయేది. సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో వాడి నుంచి ఇటు ఒక లైను వేశారు. ఖర్చు నిజాం రాజ్యానిది, ఒత్తిడి మాత్రం బ్రిటిష్ వాళ్లది. 1806 నుంచి ఇక్కడ ఉన్న కంటోన్మెంటుకు సైన్యాన్ని, సరుకును చేరవేయడం వాళ్ల అవసరం. అందుకే 1874లో రైలు మొదట వచ్చి ఆగింది చార్మినార్ ఉన్న నగరంలో కాదు, కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్న సికింద్రాబాద్‌లో. ఆ రోజున అది ఒక లైనుకు చివరి స్టేషను. బళ్లు పడమటి నుంచి వచ్చేవి, పడమటికే తిరిగి పోయేవి.

తరువాతి అడుగు తూర్పుకు. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండన్‌లో ఏర్పడింది. పెట్టుబడి పెట్టినవాళ్లకు వడ్డీ చెల్లిస్తామని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది కనుక ఆ పేరు. ఈ ఒప్పందం షరతులు ప్రజలకు చెప్పాలంటూ హైదరాబాదులో ఆందోళన జరిగింది, దాన్ని చాందా రైల్వే ఆందోళన అంటారు. అందులో ముందు నిలిచినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి బహిష్కరించారు. ఒక రైల్వే ఒప్పందం గురించి ప్రజలు లెక్క అడగడం ఈ నగరంలో అంత పాత సంగతి. లైను మాత్రం ఆగలేదు. 1886లో వరంగల్, 1889లో బెజవాడ చేరింది. మధ్యలో డోర్నకల్ నుంచి ఇల్లందు దగ్గరి సింగరేణి బొగ్గు గనులకు ఒక శాఖ పడింది. దీంతో సికింద్రాబాద్ చివరి స్టేషన్ హోదా పోయి దారి మధ్య స్టేషన్ అయింది. పడమటి కొస నుంచి వాడి, తూర్పు కొస నుంచి బెజవాడ. ఇంతవరకు చిక్కేమీ లేదు. ఒక వైపు వచ్చిన బండి రెండో వైపు పోతుంది.

చిక్కు 1900 ప్రాంతంలో మొదలైంది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా మరో లైను వేశారు. అది మీటర్ గేజ్. పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. వాడి–బెజవాడ లైనుది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. ఒకదాని మీద నడిచే పెట్టె రెండోదాని మీద నడవదు. ధాన్యం బస్తా అయినా పత్తి బేలు అయినా ఒక వ్యాగన్ నుంచి దించి మరో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సిందే. తరువాత కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, కర్నూలు వైపు కూడా మీటర్ గేజే వేశారు. 1907లో నాంపల్లి, 1916లో కాచిగూడ స్టేషన్లు వచ్చాయి. ఒక మహానగరానికి మూడు పెద్ద స్టేషన్లు ఉండటానికి కారణం ఇదే. ఎవరో కూర్చుని ఇలా ఉండాలని నిర్ణయించింది కాదు. కంటోన్మెంటుకు ఒకటి, నగరానికి ఒకటి, రెండో గేజుకు ఒకటి, ఏ అవసరానికి ఆ స్టేషన్ వచ్చింది.

1920ల చివర్లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాక తూర్పు కొస నుంచి ఢిల్లీ దారి కూడా తెరుచుకుంది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. 1951లో అది మధ్య రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. జోన్ కేంద్రం కాబట్టి కొత్త రైలు ఏది వచ్చినా "సికింద్రాబాద్ నుంచే బయల్దేరాలి" అనే ఒత్తిడి అప్పటి నుంచీ ఉంది. ఈ ఒత్తిడి చేసిన చేటు తక్కువేమీ కాదు.

మూడు దిక్కులు, ఒకే కొస

1990లలో దేశమంతటా మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్‌గా మార్చే పని ఊపందుకుంది. మహబూబ్‌నగర్ వైపు లైను, ఆ తరువాత నిజామాబాద్ వైపు లైను బ్రాడ్ గేజ్ అయ్యాయి. ప్రయాణికులకు ఇది గొప్ప మేలు. నిజామాబాద్, కర్నూలు నుంచి దేశంలో ఎక్కడికైనా బండి మారకుండా పోవచ్చు. కానీ అంతవరకు వేరుగా ఉన్న రెండు దారుల రైళ్లు ఇప్పుడు సికింద్రాబాద్ బ్రాడ్ గేజ్ యార్డులోకే వచ్చి పడ్డాయి.

మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి. సికింద్రాబాద్ పడమటి కొస నుంచి పోయేది బేగంపేట వైపు ఒక్కటే. అదే హుస్సేన్‌సాగర్ దగ్గర చీలి ఒకటి లింగంపల్లి, వికారాబాద్, వాడి వైపు, రెండోది నాంపల్లి వైపు పోతుంది. తూర్పు కొస నుంచి పోయేవి మూడు: మౌలాలి మీదుగా కాజీపేట, మల్కాజిగిరి మీదుగా నిజామాబాద్, సీతాఫల్‌మండి మీదుగా కాచిగూడ, మహబూబ్‌నగర్. గుంటూరు, నడికుడి రైళ్లు కూడా బీబీనగర్ దగ్గర కాజీపేట లైనులో కలిసి ఇటే వస్తాయి. నాలుగు దిక్కుల్లో మూడు ఒకే కొస నుంచి లోపలికి దూరుతున్నాయన్నమాట. ప్లాట్‌ఫారాలు 10 ఉన్నాయి. వాటిని ఇంకో రెండు పెంచినా, తూర్పు కొసన పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల అమరికలు) ఒకదాన్నొకటి కోసుకునే ఆ కొద్ది వందల మీటర్ల దారి మాత్రం అదే. రైల్వే వాళ్లు దాన్ని యార్డు గొంతు అంటారు.

ఈ ఆకారం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. కాజీపేట వైపు నుంచి సికింద్రాబాద్‌లోకి వచ్చిన బండి కాచిగూడ వైపు పోవాలంటే వచ్చిన కొస నుంచే వెనక్కి మళ్లాలి. ఇంజన్ విప్పాలి, రెండో చివరకు తేవాలి లేదా అక్కడ ఇంకో ఇంజన్ తగిలించాలి, బ్రేకుల పరీక్ష చేయాలి. ఇరవై నిమిషాల పైమాటే. అంతసేపూ ఒక ప్లాట్‌ఫారం చిక్కుకుపోతుంది. అందుకే ఢిల్లీ నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు పోయే కర్ణాటక సంపర్క్ క్రాంతి సికింద్రాబాద్‌లోకి రాదు. మౌలాలి నుంచి మల్కాజిగిరి, సీతాఫల్‌మండి మీదుగా నేరుగా కాచిగూడ చేరుతుంది. బెంగళూరు రాజధాని మాత్రం సికింద్రాబాద్‌లో ఆగి, పడమటి కొస నుంచి బేగంపేట మీదుగా రాయచూరు దారి పడుతుంది. ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి పోయే రెండు బళ్లు మన నగరంలో వేర్వేరు స్టేషన్లలో ఆగడానికి కారణం ఈ కొసల లెక్కే.

ఒక బండి లోపలికి రావడానికి ఏం జరగాలి

స్టేషన్‌కు ముందు, బండిని లోపలికి రానిచ్చే హోమ్ సిగ్నల్ ఉంటుంది. అది పసుపు చూపాలంటే, అక్కడి నుంచి కేటాయించిన ప్లాట్‌ఫారం దాకా ఉన్న ప్రతి పాయింటూ సరైన వైపు తిరిగి తాళం పడాలి. ఆ దారిలో ఎక్కడా ఇంకో బండి ఉండకూడదు. ప్లాట్‌ఫారం చివర ఎర్ర సిగ్నల్ దాటి కూడా కొంత దూరం ఖాళీగా ఉండాలి, సాధారణంగా 120 మీటర్లు. డ్రైవర్ బ్రేకు వేయడంలో కొద్దిగా అటూఇటూ అయినా ప్రమాదం జరగకుండా వదిలే జాగా అది. ఇవన్నీ కుదిరాయని ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ తేల్చుకున్నాకే సిగ్నల్ మారుతుంది. స్టేషన్ మాస్టర్ ఎంత తొందరపడినా దాన్ని దాటవేయలేడు, దాటవేయకూడదు కూడా.

ఇప్పుడు కాలం లెక్క వేద్దాం. కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు. 24 పెట్టెలు, ఇంజన్ కలిపితే రైలు పొడవు దాదాపు 600 మీటర్లు. పాయింట్ల మీద పక్క లైనుకు మళ్లేటప్పుడు వేగం తగ్గించాలి. 1:12 కోణంలో చీలే పాయింటు మీద గంటకు 30 కిలోమీటర్లు, ఇరుకు యార్డుల్లో వాడే 1:8.5 పాయింట్ల మీద చాలాచోట్ల 15 కిలోమీటర్లే. 600 మీటర్ల బండి ఒక పాయింటును పూర్తిగా దాటడానికి మొదటి దాని మీద 72 సెకన్లు, రెండో దాని మీద 144 సెకన్లు పడుతుంది. దానికి హోమ్ సిగ్నల్ నుంచి పాయింట్ల దాకా వచ్చే సమయం, ఆగి ఉన్న బండి కదలడానికి పట్టే సమయం, దారి విడుదలై మళ్లీ కొత్త దారి అమరే సమయం కలపండి. ఒక బండి గొంతును దాటడానికి నాలుగైదు నిమిషాలు పోతాయి. అంటే ఒకదాన్నొకటి కోసుకునే కదలికలు గంటకు 12 నుంచి 15 మించవు.

ఆగి ఉన్న బండికి శిక్ష ఎక్కువ. పరుగు మీద వచ్చే బండి గొంతును త్వరగా ఖాళీ చేస్తుంది. హోమ్ సిగ్నల్ దగ్గర నిలబడి బయల్దేరే బండి మెల్లగా దూరుతుంది, దాని వెనక బండి కూడా ఆగాల్సి వస్తుంది. ఒక ఆలస్యం ఇంకో ఆలస్యాన్ని కంటుంది. స్టేషన్ల మధ్య లైను మీద ఆటోమేటిక్ సిగ్నళ్లు పెట్టి బళ్లను దగ్గర దగ్గరగా నడిపితే లైను సామర్థ్యం పెరుగుతుంది కానీ, గొంతు మారకపోతే ఆ వరుస వచ్చి గొంతు ముందు ఆగుతుంది.

నడిచిపోయే బండి, ఇక్కడే ఆగిపోయే బండి

యార్డు భారం లెక్కపెట్టేటప్పుడు రైళ్ల సంఖ్య చూస్తే మోసపోతాం. కదలికల సంఖ్య చూడాలి. నాంపల్లి నుంచి విశాఖపట్నం పోయే గోదావరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ పడమటి కొస నుంచి వచ్చి, కొద్ది నిమిషాలు ఆగి, తూర్పు కొస నుంచి పోతుంది. ఒక్కో కొసన ఒక్కో కదలిక. అదే సికింద్రాబాద్‌లో ఆగిపోయే బండి అయితే ప్లాట్‌ఫారం మీదికి రావడం ఒకటి. జనం దిగాక ఖాళీ రేకును, అంటే పెట్టెల వరుసను, కడగడానికి, తనిఖీకి పిట్ లైనుకు (కింద గొయ్యి ఉన్న తనిఖీ లైనుకు) లాగడం రెండు. ప్రాథమిక నిర్వహణకు ఆరు గంటల దాకా పడుతుంది. అది అయ్యాక మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి తేవడం మూడు. బయల్దేరడం నాలుగు. మధ్యలో ఇంజన్ కదలికలు అదనం. పైగా దిగడానికి ఒకసారి, ఎక్కడానికి ఒకసారి, రెండుసార్లూ ప్లాట్‌ఫారాన్ని అరగంటకు తక్కువ కాకుండా పట్టి ఉంచుతుంది. దాటిపోయే బండికి పది నిమిషాలు చాలు.

అందుకే "సికింద్రాబాద్ నుంచి ఇంకో కొత్త రైలు" అన్న ప్రతి ప్రకటన ఈ యార్డు మీద మిగతావాటికన్నా రెట్టింపు బరువు మోపింది. 2003లో ఎంఎంటీఎస్ అనే నగర లోకల్ రైళ్ల సేవ వచ్చింది. నగరానికి చాలా అవసరమైనది. కానీ లింగంపల్లి–ఫలక్‌నుమా బళ్లు కూడా ఇవే లైన్ల మీద, ఇదే గొంతు గుండా పోవాలి. పెట్టెలు తక్కువైనా దారి అమరికకు దానికీ అంతే సమయం. దూరప్రాంతపు బండి ఆలస్యంగా వస్తే ముందు దానికి దారి ఇస్తారు, ఆఫీసుకు పోయేవాళ్ల లోకల్ బండి జేమ్స్ స్ట్రీట్‌లోనో సీతాఫల్‌మండిలోనో ఆగుతుంది. నాలుగు రోజులు అలా జరిగితే ఆ ప్రయాణికుడు బస్సో, బైకో చూసుకుంటాడు. ఎంఎంటీఎస్‌ను నమ్మకంగా నడపలేకపోవడం ఈ నగరానికి జరిగిన పెద్ద నష్టం అని నా అభిప్రాయం.

ఆలస్యమైన రైలే ఎక్కువసేపు ఎందుకు ఆగుతుంది అన్నదీ ఇక్కడే తెలుస్తుంది. ప్లాట్‌ఫారాల కేటాయింపు టైంటేబుల్ ప్రకారం ముందే అమర్చి ఉంటుంది. గంట ఆలస్యమైన బండి తన వంతు పోగొట్టుకుని, వేరే వాటి మధ్య సందు కోసం కాచుకోవాలి. దీన్ని ఊహించే టైంటేబుల్లో చివరి స్టేషన్ ముందు అదనపు సమయం కలుపుతారు. ఏదైనా రైలుకు చర్లపల్లి నుంచి సికింద్రాబాద్ రావడానికి ఇచ్చిన సమయం, అదే బండికి పోయేటప్పుడు ఇచ్చిన సమయం పక్కపక్కన పెట్టి చూడండి, తేడా కనిపిస్తుంది.

భారం దించే ప్రయత్నాలు

ఉపశమనానికి రెండే దారులు. గొంతులోకి రానక్కర్లేని బళ్లను బయటి నుంచే పంపడం, ఇక్కడ ఆగిపోయే బళ్లను ఇంకో చోట ఆపడం. మొదటిదానికి మౌలాలి–సనత్‌నగర్ లైను ఉంది. అమ్ముగూడ, నేరేడ్‌మెట్ మీదుగా సికింద్రాబాద్‌ను చుట్టుకుని పోయే ఈ 22 కిలోమీటర్ల దారి చాలాకాలం గూడ్సు బళ్లకే పరిమితం. ఎంఎంటీఎస్ రెండో దశలో దాన్ని డబుల్ లైను చేసి, విద్యుదీకరించి, కొత్త స్టేషన్లు కట్టి 2024 మార్చిలో ప్రారంభించారు. ఘట్‌కేసర్–మౌలాలి మధ్య నాలుగు లైన్లు కూడా ఆ దశలోనివే. దూరపు బళ్లకు, లోకల్ బళ్లకు అక్కడ వేర్వేరు లైన్లు దొరికాయి. మౌలాలి దాటి సికింద్రాబాద్ వైపు వస్తే ఆ విశాలం మిగలదు. బళ్లు మౌలాలిలోనే ఎందుకు పేరుకుంటాయో దీన్ని బట్టి ఊహించవచ్చు.

రెండో దారి చర్లపల్లి. సుమారు 413 కోట్ల రూపాయలతో దాన్ని కొత్త టెర్మినల్‌గా కట్టి 2025 జనవరి 6న ప్రారంభించారు. ఉన్న ప్లాట్‌ఫారాలను పూర్తి పొడవుకు పెంచారు, నాలుగు కొత్త ఎత్తు ప్లాట్‌ఫారాలు కట్టారు. తూర్పు నుంచి వచ్చే బండి అక్కడే ఆగితే సికింద్రాబాద్ గొంతుకు నాలుగు కదలికలూ తప్పుతాయి. రైల్వే కోణంలో ఇంతకన్నా మంచి పని లేదు. ప్రయాణికుడి కోణంలో మాత్రం సగం పనే అయింది. సికింద్రాబాద్‌లో దిగితే రేతిఫైల్ బస్ స్టేషన్ పక్కనే, మెట్రో రెండు లైన్లూ నడిచేంత దూరంలోనే. చర్లపల్లిలో తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలతో, సామాన్లతో దిగిన కుటుంబానికి ఆటో అడిగినంత ఇవ్వడం తప్ప గతి ఉండదు. రైలు చార్జీలో మిగిలింది ఆటోకు పోతుంది. అక్కడికి వచ్చే ప్రతి పెద్ద రైలు వేళకు లోకల్ బండిగానీ సిటీ బస్సుగానీ కలపకుండా రైళ్లను తరలించడం అంటే రైల్వే తన ఇరుకును ప్రయాణికుడి నెత్తిన పెట్టడమే.

కొత్త భవనం ఏం చేస్తుంది

సికింద్రాబాద్ పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. ఖర్చు 700 కోట్ల రూపాయల పైచిలుకు. పాత ముఖభవనాన్ని 2025 ఆరంభంలో కూల్చారు. తరతరాలు ఫొటోల్లో నిలిచిన ఆ ముఖం పోవడం బాధగానే ఉంది, ఆ బాధను పాతకాలపు మమకారమని కొట్టిపారేయడం సరికాదు. కొత్త నమూనాలో రెండు వైపులా పెద్ద భవనాలు, లైన్లన్నిటి పైన రెండంతస్తుల కాన్‌కోర్స్ (జనం వేచి ఉండే, అటూఇటూ నడిచే పెద్ద హాలు), బహుళ అంతస్తుల పార్కింగ్, మెట్రోకు, బస్సులకు నడకదారులు ఉన్నాయి.

దీని వల్ల తీరేది మనుషుల ఇరుకు. 24 పెట్టెల బండి నుంచి వెయ్యిమందికి పైగా ఒకేసారి దిగుతారు. అదే ప్లాట్‌ఫారం మీద ఎదురు ముఖాన ఇంకో బండి కోసం అంతమంది కూర్చుని ఉంటారు. మెట్ల దగ్గర ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురెదురు పడతారు. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాకే కిందికి దిగేలా జనాన్ని పైన కాన్‌కోర్స్‌లో కూర్చోబెడితే, ప్లాట్‌ఫారం మీద దిగేవాళ్లకే చోటు మిగులుతుంది. బండి త్వరగా ఖాళీ అవుతుంది, ఆ మేరకు ప్లాట్‌ఫారం కూడా కొంచెం ముందే విడుదలవుతుంది. అంతవరకే. తూర్పు గొంతులో పాయింట్లు ఎన్ని, ఏ కోణంలో ఉన్నాయి అన్నది భవనంతో మారదు. "కొత్త స్టేషన్ అయిపోతే బళ్లు ఆగవు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పని జరుగుతున్నంతకాలం ఇరుకు పెరుగుతుంది కూడా. కాన్‌కోర్స్ స్తంభాలకు పునాదులు ప్లాట్‌ఫారాల మీదే తవ్వాలి. ఒక దిమ్మెకు రెండు ముఖాలు ఉంటాయి కనుక ప్లాట్‌ఫారాలు జంటలుగా మూతపడతాయి. పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దానికి రెండు మీటర్ల లోపల పని చేయాలంటే కరెంటు ఆపాలి, దూలాలు ఎత్తాలంటే రైళ్లూ ఆపాలి. అందుకే ఇలాంటి పనులు రాత్రిపూట రెండు మూడు గంటల ముక్కలుగా సాగుతాయి, గడువులు జారతాయి. 2025లో పెద్ద సంఖ్యలో రైళ్లను చర్లపల్లి, కాచిగూడ, నాంపల్లి తదితర స్టేషన్లకు మార్చింది అందుకే.

ప్రయాణికుడు టికెట్ మీద రైలు పేరును నమ్ముకోకుండా స్టేషన్ కోడ్ చూసుకోవాలి. ఎస్‌సీ అంటే సికింద్రాబాద్, హెచ్‌వైబీ అంటే నాంపల్లి, కేసీజీ అంటే కాచిగూడ, సీహెచ్‌జెడ్ అంటే చర్లపల్లి. బుక్ చేసిన తరువాత కూడా స్టేషన్ మారవచ్చు, కాబట్టి బయల్దేరే ముందు రోజు రైల్వే విచారణ యాప్‌లోనో 139 నంబర్‌లోనో ఇంకోసారి సరిచూసుకోవాలి. రెండు రైళ్లు మారాల్సి వస్తే, మొదటిది కాజీపేట వైపు నుంచి వచ్చేదయితే, మధ్యలో కనీసం రెండు గంటలు వదలండి. మొదటిది చర్లపల్లిలో, రెండోది లింగంపల్లిలో అయితే మూడు గంటలు. దిగాల్సింది ఉప్పల్, తార్నాక, ఈసీఐఎల్ వైపు అయితే, మీ రైలుకు చర్లపల్లిలో హాల్ట్ ఉంటే, వెలుతురు వేళ అక్కడే దిగడం మేలు. మౌలాలి సిగ్నల్ దగ్గర బండి నిలబడే ఆ ఇరవై నిమిషాలు మీకు కలిసివస్తాయి.